ఏడో చేదలో దొరికిన శాంతి

లోకంలో మనశ్శాంతి కరువైపోయిందన్న సంగతి నాకు కిందటి నెలలోనే తెలిసింది. తెలియజేసినవారు నా చిరకాల మిత్రులు. ఆయన ఇరవై రెండేళ్లు ఒక పెద్ద సంస్థలో పనిచేసి, కావలసినంత సంపాదించుకొని, సంపాదన అంతా వట్టి మాయ అని గ్రహించి, ఊరికి దూరంగా రెండెకరాల్లో మట్టి ఇల్లు కట్టుకొని పూర్వికుల జీవన విధానానికి మరలిపోయారు. ఈ మాయను గ్రహించడానికి బ్యాంకు ఖాతాలో కనీసం ఎంత నిల్వ ఉండాలో ఎవరూ తేల్చి చెప్పలేదు గానీ, నెలాఖరున అప్పు కోసం తిరిగేవాడు ఎవడైనా దానిని గ్రహించగా నేను చూడలేదు.

ఫోను మనశ్శాంతికి పరమ శత్రువని ఆయన ప్రతి ఉదయం ఐదున్నరకు నా ఫోనుకు సందేశం పంపుతారు. యంత్రాల బానిసత్వం నుంచి విముక్తి ఎలాగో వివరించే వీడియో మూడు భాగాలుగా వచ్చింది. రెండో భాగాన్ని నేను ఇంకా తెరవలేదని గమనించి, ఆరోగ్యం బాగాలేదా అని ఆయనే ఫోన్ చేసి పరామర్శించారు. ఇంత ఆదరంగా పిలుస్తున్నప్పుడు వెళ్లకపోవడం మర్యాద కాదని ఒకరోజు చీకటితోనే బయలుదేరి వెళ్లాను.

నేను చేరేసరికి బావి దగ్గర సాధన మొదలైంది. స్థలం కొన్నప్పుడు ఆ బావికి మోటారు ఉండేదట. శ్రమకు అడ్డు తగులుతోందని ఆయన దానిని పీకించి వేశారు. ఇప్పుడు అక్కడ గిలక, చేంతాడు, చేద ఉన్నాయి. తెల్లని నూలు బట్టల్లో మిత్రులు ఒరకు ఇటువైపు, ఫోను పట్టుకొని ఆయన శ్రీమతి అటువైపు నిలబడ్డారు. మొదటి చేద పైకి వచ్చింది గానీ ఆయన చూపు నీటి మీద కాక ఫోను మీద పడిందని తేలడంతో, నీటిని వృథా చేయడం ప్రకృతికి విరుద్ధం కనుక, దానిని తిరిగి బావిలోనే కుమ్మరించారు. రెండోసారి చూపు కుదిరింది గానీ ఆయాసం వల్ల ముఖంలో ప్రశాంతత కనిపించలేదు. మూడోసారి తాడు గిలక పక్కకు జారి ఇరుక్కుంది. నాలుగోసారి చేద ఒరకు తగిలి కాలి మీద పడింది. అప్పుడు ఆయన నోటి నుంచి ఒక మాట వెలువడింది. అదికూడా పూర్వికుల నాటి మాటే, కానీ వీడియోలో ఉంచడానికి వీలు కానిది. ఐదోసారి నా నీడ అడ్డొచ్చింది. ఆరోసారి అంతా సవ్యంగా జరిగిన తరువాత, చేద ప్లాస్టిక్‌దని, దాని మీద తయారీదారు కాగితం ఇంకా అంటుకొనే ఉందని ఆవిడ మెల్లగా గుర్తుచేశారు. లోపలి నుంచి రాగి బిందె తెప్పించి, తాడుకు కట్టి, ఏడోసారి తోడారు. సూర్యకిరణాలు నీటి మీద పడ్డాయి, ఆయన కళ్లు అరమోడ్పులయ్యాయి, శాంతి లభించింది. శ్రమే ధ్యానమని ఒక వాక్యం పలికి, బిందెను ఒర మీదే వదిలి, వీడియోకు మెరుగులు దిద్దడానికి లోపలికి వెళ్లిపోయారు.

ఆ తరువాత నీళ్లు తోడడం మొదలైంది. ఆవిడ ఫోను పక్కన పెట్టి, కొంగు బిగించి, రాగి బిందె విప్పి ప్లాస్టిక్ చేద కట్టుకొన్నారు.

ఈ విద్య మా మిత్రులు కనిపెట్టింది కాదు, దీనికి ఘనమైన వంశావళి ఉంది. 1783లో ఫ్రాన్సు రాణి మేరీ ఆంటోయినెట్‌కు ఇలాగే సాదాసీదా జీవితం మీద మనసు పుట్టింది. వెర్సాయ్ రాజోద్యానంలో చెరువు తవ్వించి, దాని చుట్టూ కుటీరాలు, పాడిశాల, పావురాల గూడుతో ఒక పల్లెనే నిర్మింపజేశారు. కొత్త గోడలు పాతవిగా కనిపించడానికి వాటి మీద పగుళ్లను రంగులతో చిత్రించారు. పశువులను చూసుకోవడానికి మాత్రం నిజమైన రైతును నియమించారు. (మా మిత్రుల మట్టి గోడల లోపల సిమెంటు ఉందని ఆ రోజే తెలిసింది. మట్టి పైపూత మాత్రమే, వానాకాలం తరువాత మళ్లీ పూయించాలట.) ఆరేళ్లు తిరిగేసరికి, 1789 అక్టోబరులో, పారిస్ స్త్రీలు వేల సంఖ్యలో రొట్టె కోసం వానలో నడుచుకుంటూ అదే వెర్సాయ్‌కి వచ్చారు. వారి పాదాల మీద పగుళ్లను ఎవరూ చిత్రించవలసిన అవసరం రాలేదు.

మా మిత్రులు రాణిగారి పేరు ఎత్తరు గానీ రచయిత థోరో పేరు మాత్రం గంటకొకసారి తలుస్తారు. అమెరికాలో 1845 జూలై 4న వాల్డెన్ చెరువు ఒడ్డున కుటీరంలో చేరి రెండేళ్ల పైచిలుకు గడిపిన ఆయన, నిజానికి వీరికంటే ఎంతో నిజాయితీపరుడు. ఆ స్థలం మిత్రుడు ఎమర్సన్‌ది, ఊరు నడక దూరంలోనే ఉంది, ఒకటి రెండు రోజులకొకసారి అక్కడికి వెళ్లి కబుర్లు వినేవాడినని తనే రాసుకొన్నాడు. ఆ కుటీరానికి మూడేళ్ల ముందు, 1842 జనవరిలో, ఆయన అన్న జాన్ క్షురకత్తి నూరుకుంటూ వేలు కోసుకొన్నాడు. చిన్న గాటు. కొద్ది రోజుల్లోనే ధనుర్వాతంతో దవడలు బిగుసుకుపోయి, తమ్ముడి చేతుల్లోనే ప్రాణం విడిచాడు. థోరో కూడా 1862లో, నలభై నాలుగేళ్లకే, క్షయతో పోయాడు.

నేను ఈ సంగతి చెబితే మిత్రులు చిరునవ్వు నవ్వి, పాత రోజుల్లో ఆసుపత్రులు లేవని, అయినా అందరూ నూరేళ్లు హాయిగా బతికారని సెలవిచ్చారు. ఎవరు బతికారు? చరిత్రలో చాలా భాగం, లోకంలో చాలా చోట్ల, పుట్టిన పిల్లల్లో దాదాపు సగం మంది పెద్దవాళ్లు కాకుండానే మట్టిలో కలిసిపోయారు. మశూచి అంతరించిందని 1980లో ప్రకటించగలిగారంటే అది ఎవరో కళ్లు మూసుకొని దీర్ఘంగా శ్వాస పీల్చినందువల్ల కాదు, సూదులు పట్టుకొని ఇల్లిల్లూ తిరిగినందువల్ల. చిన్నప్పుడే ఆ టీకాలన్నీ వేయించుకొన్న భుజంతో చేంతాడు లాగుతూ, టీకాలు లేని కాలం ఎంత స్వచ్ఛమైనదో చెప్పడానికి ఏ మాత్రం సిగ్గు వేయదా?

లీటరు నీరు కిలో బరువు. ఆ రోజు స్నానాలకు, వంటకు, బట్టలకు, గిన్నెలకు, మొక్కలకు ఆవిడ పదేసి లీటర్ల చేదలు ఇరవై తోడగా నేను లెక్కపెట్టాను. రెండు వందల కిలోలను బావి అడుగు నుంచి పైకి లాగారు. నేను సాయానికి వెళ్లి మూడింటికే చేతులెత్తేశాను. ఆపైన కట్టెల పొయ్యి. మిత్రులు పొగకు పడదని గదిలో తలుపు వేసుకొని ధ్యానంలో ఉన్నారు. ఇళ్లలో వంట పొగ వల్ల 2020లో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారెవరూ శాంతి కోసం పొయ్యి ఊదలేదు. వేరే దారి లేక ఊదారు. వారు ప్రాణాలు పెట్టి వదిలించుకోవాలని చూస్తున్న బరువును తీసుకొచ్చి, సొంత ఇంట్లో మనిషి నెత్తిన పెట్టి, దానికి సాధన అని పేరు పెట్టడాన్ని ఏమనాలి? ఆయనకు అంత శాంతే కావాలంటే ఆ ఇరవై చేదలూ ఆయన్నే తోడమనండి, ఫోను ఎవరూ పట్టుకోకుండా, ఒక్క నెల.

వెళ్లేముందు ఆవిడతో, మోటారు మళ్లీ పెట్టించమని నేను చెప్పనా అన్నాను. “వద్దు అన్నయ్యగారూ, ఈ నెల ఆయన మనసు కాస్త కుదుటపడింది,” అన్నారు. అరచేతికి చుట్టుకొన్న గుడ్డను మరొకసారి బిగించుకొన్నారు.

మర్నాడు ఐదున్నరకు బావి వీడియో వచ్చింది. నలభై మూడు సెకన్లు. చివరి రెండు సెకన్లలో, ఇక అయిపోయిందనుకొన్నారు కాబోలు, ఫోను పట్టుకొన్న మనిషి రెండో చెయ్యి తాడు అందుకోవడానికి ముందుకు చాపడం, ఆ చేతికి గుడ్డ చుట్టి ఉండడం కనిపించింది. అందులో చిన్న లోపం దొర్లిందని, సవరించిన ప్రతిని పంపుతున్నానని మధ్యాహ్నం మిత్రుల నుంచి ఇంకో సందేశం వచ్చింది. అది నలభై ఒక్క సెకన్లు ఉంది.