యుద్ధం సీన్లకి అంత బీజీఎం అక్కర్లేదు

ఫలానా సినిమాలో యుద్ధం ఎలా ఉందని ఎవర్ని అడిగినా ముందు గ్రాఫిక్స్‌కి ఎన్ని కోట్లు పెట్టారో, ఎన్ని వందల మంది జూనియర్ ఆర్టిస్టుల్ని దింపారో చెప్తారు, ఆ తర్వాత బీజీఎం, అంటే నేపథ్య సంగీతం, అదిరిందనో తేలిపోయిందనో అంటారు. చూస్తున్నంతసేపూ భయం వేసిందా, పడిపోయినవాణ్ణి చూసి కడుపు తరుక్కుపోయిందా అన్న మాట మాత్రం ఎవరూ ఎత్తరు. నా అభిప్రాయం సూటిగానే చెప్తాను. మన యుద్ధం సీన్లలో సంగీతం మరీ ఎక్కువైపోయింది, మనకి రావాల్సిన భయాన్నీ ఏడుపునీ అదే రాకుండా చేస్తోంది.

చాలామంది చూసిన సినిమాతోనే చెప్తాను. స్పీల్‌బర్గ్ 1998లో తీసిన 'సేవింగ్ ప్రైవేట్ ర్యాన్'. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 జూన్ 6న అమెరికా సైనికులు ఫ్రాన్స్ తీరంలో జర్మన్లు కాపు కాస్తున్న ఒమాహా బీచ్‌లో దిగే సీను అందులో ఇరవై నిమిషాలకి పైనే నడుస్తుంది. సంగీతం హాలీవుడ్‌లో పేరుమోసిన జాన్ విలియమ్స్‌ది. అంతటివాడు చేతిలో ఉండి కూడా ఆ పోరాటం జరుగుతున్నంతసేపూ ఒక్క వయొలిన్ వినపడదు. పడవలో ముందుగా కనపడేది కెప్టెన్ చెయ్యి, నీళ్ళ సీసా మూత తీస్తూ వణుకుతుంటుంది, ఆ తర్వాతే ముఖం. పక్కన ఒకడు వాంతి చేసుకుంటాడు. పడవ తలుపు కిందికి పడగానే ముందు వరసలో ఉన్నవాళ్ళు అడుగు కూడా వెయ్యకుండానే పోతారు. మిగతావాళ్ళు పక్కల నుంచి నీళ్ళలోకి దూకుతారు, కెమెరా వాళ్ళతోపాటే మునుగుతుంది. మునిగిన క్షణంలో పైన గోలంతా ఆగిపోతుంది, నీళ్ళలోంచి తూటాలు దూసుకుపోయే చప్పుడొక్కటే మందంగా వినపడుతుంది. తల పైకి రాగానే మళ్ళీ ఆ మోత, మునిగితే మళ్ళీ ఏమీ ఉండదు. నీళ్ళలో ఉంటే ఊపిరాడదు, పైకొస్తే తూటా తగులుతుంది. ఇంత విషయాన్ని ఒక్క డైలాగు లేకుండా, కేవలం శబ్దాన్ని తీసి పెట్టి చెప్పేశారు.

ఒడ్డుకి చేరాక ఒక పేలుడు దగ్గర కెప్టెన్ చెవులు దిబ్బళ్ళు పడతాయి. మనకీ వినపడదు, దూరంగా ఏదో హోరు తప్ప. ఒక సైనికుడు తెగిపడిన తన చేతిని వెతుక్కుని, దాన్ని పట్టుకుని నడుస్తాడు. ఇంకొకడు కెప్టెన్ ముఖంలోకి చూస్తూ ఏదో అరుస్తుంటాడు, పెదాలు కదలడమే కనిపిస్తుంది. ఆ కాసేపూ మనం సినిమా చూస్తున్నట్టు ఉండదు, ఆ మనిషి తలకాయ లోపల కూర్చున్నట్టు ఉంటుంది. అదే చోట విషాద సంగీతం వేసి ఉంటే 'ఇక్కడ బాధపడండి' అని పక్కనుంచి ఎవరో మోచేత్తో పొడిచినట్టు ఉండేది. అలా పొడవకుండా వదిలేశారు కాబట్టే ఏం చెయ్యాలో తోచక మనమూ బిక్కచచ్చిపోతాం.

ఈ ఉపాయం స్పీల్‌బర్గ్ కనిపెట్టింది కాదు. 1985లోనే సోవియట్ దర్శకుడు ఎలెమ్ క్లిమోవ్ 'కమ్ అండ్ సీ'లో వాడాడు. నాజీల చేతిలో ఉన్న బెలారుస్‌లో ఒక కుర్రాడి కథ అది. అడవిలో బాంబులు పడ్డాక వాడి చెవుల్లో ఒక సన్నని కూత మొదలై, ఆ సీను దాటిపోయినా ఆగదు, ఎదుటివాళ్ళ మాటలు ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టే ఉంటాయి. అంతసేపు అలా ఉంచడానికి చాలా ధైర్యం కావాలి, థియేటర్‌లో సౌండ్ పాడైందని జనం అనుకునే ప్రమాదం ఉంది కదా! పైగా క్లిమోవ్ పాత్రల ముఖాల్ని నేరుగా మన కళ్ళలోకి చూసేలా పెడతాడు. సినిమా మొదట్లో తుపాకీ దొరికిందని సంబరపడ్డ పిల్లాడి ముఖం చివరికొచ్చేసరికి ముడతలు పడ్డ ముసలి ముఖం అయిపోతుంది. నాకు తెలిసినంతలో యుద్ధం మనిషిని ఏం చేస్తుందో ఇంత నిర్దాక్షిణ్యంగా చూపించిన సినిమా ఇంకోటి లేదు.

శబ్దం సంగతి అలా ఉంచితే, ఒమాహా సీన్లో బొమ్మ కూడా మామూలుగా ఉండదు. మామూలుగా సినిమాని సెకనుకి 24 ఫ్రేములతో, 180 డిగ్రీల షట్టర్‌తో (కెమెరాలోకి వెలుగుని వదిలి ఆపే రేకు అది) తీస్తారు, అంటే ఒక్కో ఫ్రేము మీద సెకనులో 48వ వంతు సేపు వెలుగు పడుతుంది. కదిలే చెయ్యి కొంచెం చెదిరినట్టు పడుతుంది, అందుకే మన కంటికి కదలిక సాఫీగా ఉంటుంది. కెమెరామన్ జానుష్ కమిన్‌స్కీ ఆ సీనుకి షట్టర్‌ని 90 డిగ్రీలకీ, కొన్నిచోట్ల 45కీ తగ్గించాడు. 45 అంటే సెకనులో 192వ వంతే. పేలినప్పుడు ఎగిరే ఇసుక రేణువు రేణువూ విడివిడిగా కనపడుతుంది, మనుషుల పరుగు తెగి తెగి అదురుతున్నట్టు ఉంటుంది. షట్టర్ గురించి ఏమీ తెలియకపోయినా చూసేవాడి ఒంటికి మాత్రం ఏదో తేడాగా ఉందని తెలిసిపోతుంది. దానికి తోడు కెమెరా చాలావరకు సైనికుడి కంటి ఎత్తులోనే, ఇంకా మాట్లాడితే ఇసుకలో పాకుతున్నవాడి ఎత్తులోనే ఉంటుంది. ఆకాశం మీంచి సైన్యం మొత్తాన్ని చూపిస్తే అబ్బో అంటాం కానీ భయం వెయ్యదు.

మొదటి ప్రపంచ యుద్ధం మీద వచ్చిన '1917' సినిమా మొత్తం ఒకే షాట్‌లా కనపడేట్టు తీశారు, గొప్ప పనితనమే, కానీ కొన్నిచోట్ల మనిషిని వదిలేసి కెమెరా ఎలా తిప్పారా అని ఆలోచించడం మొదలుపెడతాం, అక్కడ టెన్షన్ కాస్త జారిపోతుంది.

సంగీతమే వద్దని నేను అనడం లేదు. 2022లో వచ్చిన జర్మన్ సినిమా 'ఆల్ క్వైట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్' మొదట్లో చనిపోయిన సైనికుల యూనిఫాంలు విప్పి, ఉతికి, చిరుగులు కుట్టి కొత్తగా చేరిన కుర్రాళ్ళకి ఇస్తారు. దానికి సంగీతం ఇచ్చిన ఫోల్కర్ బెర్టెల్మన్ తన ముత్తవ్వ హార్మోనియం మీద మూడే మూడు స్వరాలు తీసి, వాటిని ఏదో యంత్రం గర్జించినట్టు మార్చాడు. ఆస్కార్ కూడా వచ్చింది. ఆ మూడు స్వరాలు ఎవరినీ వీరుణ్ణి చెయ్యవు, మనుషుల్ని నమిలేసే యంత్రం దగ్గరికొస్తోందని చెప్తాయి, అంతే. 'డన్‌కర్క్' సినిమాలో సంగీత దర్శకుడు హాన్స్ జిమ్మర్ ఎప్పటికీ పెరుగుతూనే ఉన్నట్టు భ్రమ కలిగించే స్వరం వాడాడు. రెండు చోట్లా సంగీతం మనల్ని ఓదార్చదు, పొగడదు.

మన దగ్గరికొస్తే 2015లో వచ్చిన 'బాహుబలి'లో కాలకేయులతో యుద్ధాన్ని తీసి పారెయ్యడానికి వీల్లేదు. త్రిశూల వ్యూహం ఏమిటో ముందే వివరంగా చెప్పడంతో ఎవరు ఎటునుంచి వస్తున్నారో మనకి గందరగోళం ఉండదు, ఇది చాలా పెద్ద సినిమాలకి కూడా చేతకాని పని. కాలకేయులు బందీల్ని అడ్డంగా నిలబెట్టినప్పుడు అన్నదమ్ములిద్దరూ వాళ్ళతో ఎలా ప్రవర్తించారన్న దాంట్లోనే రాజెవరో తేలిపోతుంది. అంత బరువైన క్షణం అది. అక్కడ ఒక్క పదిహేను సెకన్లు వాద్యాలన్నీ ఆపేసి, ఆ బందీల్లో ఒక్క ముఖం మీద కెమెరా నిలిపి, ఆ మనిషి ఊపిరి మాత్రం వినిపించి ఉంటే! కీరవాణి లాంటి సంగీత దర్శకుడికి ఎక్కడ ఆపాలో తెలియక కాదు. ఎలివేషన్ కావాలని మనమే అడుగుతున్నాం, ఈలలు వేసేది అక్కడే కాబట్టి వాళ్ళూ అదే ఇస్తున్నారు. స్లో మోషన్ సంగతీ అంతే. హీరో కత్తి తిప్పడాన్ని నెమ్మదిగా చూపిస్తే మెచ్చుకోవడానికి తీరిక దొరుకుతుంది, కానీ ఆ కత్తికి పోయినవాడు ఎవరో చూసే తీరిక మనకి ఎప్పుడూ ఇవ్వరు.

ఇంట్లో ఈ సినిమాలు చూసేవాళ్ళకి ఒక్క మాట. ఫోన్ స్పీకర్లో చూస్తే నేను చెప్పిందంతా వృథా. మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, గదిలో లైటు ఆర్పేసి ఒమాహా సీను ఒకసారి చూడండి, వెంటనే మీకు బాగా ఇష్టమైన తెలుగు యుద్ధం సీను కూడా చూడండి. సంగీతం ఎక్కడ మొదలైందో, ఎక్కడైనా ఆగిందో లేదో కాగితం మీద రాసుకుంటూ చూస్తే ఇంకా మంచిది.