డిస్కౌంట్ రేటు గారూ, మనవలకు తరుగెంత?

గౌరవనీయులైన డిస్కౌంట్ రేటు గారికి,

నమస్కరించి రాయునది. ఇక్కడ మేం క్షేమం. 2100లో ఉండబోయేవాళ్ల క్షేమం మీ చేతిలో ఉంది కాబట్టి ఉభయకుశలోపరి అని రాయడానికి చెయ్యి ఆడలేదు.

మీ పేరు వినగానే చాలామంది ఏదో ఆన్‌లైన్ సేల్ అనుకుంటారు. వాళ్ల తప్పేం లేదు, మీరు చేసేది కూడా తగ్గింపు ధరకు అమ్మడమే. కాకపోతే సరుకు రేపటి మనుషులు.

మీతో నాకు పరిచయం ఒక ఎక్సెల్ షీట్‌లో అయింది. పైన మూల లేత పసుపు గడిలో ఒక అంకె, 3 శాతం. అది మీరే. దాని కింద వందేళ్లకు వంద వరసలు. ఒక పక్క కార్బన్ ఉద్గారాలు తగ్గించడానికి ఏటా అయ్యే ఖర్చు, ఇంకో పక్క అలా తగ్గించడం వల్ల తప్పే నష్టం. అట్టడుగున మొత్తం, పచ్చ రంగులో. అంటే లాభమే. ఊరికే చూద్దామని 3 తీసేసి 5 వేసి ఎంటర్ కొట్టాను. అంకెలు పైనుంచి కిందకి జరజరా మారాయి, అడుగున మొత్తం ఎర్రబడింది. ఏ సముద్రమూ వెనక్కి తగ్గలేదు, ఏ తుఫానూ దారి మళ్లలేదు, ఏ ఫ్యాక్టరీ ఖర్చూ పెరగలేదు. మళ్లీ 3 వేశాను, పచ్చబడింది. సిగ్నల్ లైటు దొరికిన పిల్లాడిలా కాసేపు అలాగే ఆడుకున్నాను.

తెలియనివాళ్ల కోసం మీ పని ఒక్క ముక్కలో చెప్తాను. మీరు తలకిందులుగా నడిచే చక్రవడ్డీ. అప్పిచ్చినవాడి డబ్బును వందేళ్లలో కొండ చేసే లెక్కే, వందేళ్ల తర్వాతి నష్టాన్ని ఇవాళ్టికి తెచ్చేసరికి గులకరాయి చేస్తుంది. వందేళ్ల తర్వాత 100 కోట్ల నష్టం రాబోతోందనుకుందాం. 1.4 శాతం దగ్గర దానికి ఇవాళ మీరు కట్టే విలువ దాదాపు 25 కోట్లు. 3 శాతం దగ్గర 5 కోట్ల పైచిలుకు. 5 శాతానికి 76 లక్షలు. 7 శాతానికి పదకొండున్నర లక్షలు. అంటే ఆ 100 కోట్ల నష్టం ఆపడానికి ఇవాళ 12 లక్షలు ఖర్చు పెడితే అది దుబారా!

ఇంకో వందేళ్లు ముందుకెళ్తే మీ ప్రతిభ ఇంకా బయటపడుతుంది. ప్రపంచం మొత్తం ఒక ఏడాదిలో సంపాదించేది ఇప్పుడు 100 లక్షల కోట్ల డాలర్ల పైనే. గుండ్రంగా 100 అనుకుందాం. 200 ఏళ్ల తర్వాత ఒక ఏడాది అంత మొత్తమూ తుడిచిపెట్టుకుపోతుందని తెలిసినా, 7 శాతం దగ్గర దాని నేటి ఖరీదు 13 కోట్ల డాలర్లు. ఆ డబ్బుకి కొత్త విమానం ఒకటి వస్తుందేమో.

ఖర్చు సంగతి వేరు. అది ఇవాళే, నగదుగా, నిండుగా కాటా ఎక్కుతుంది. లాభం మాత్రం వందేళ్ల అవతల నుంచి నడిచి రావాలి. ఏడాదికొక గేటు, గేటుకొక టోల్. కాటా దగ్గరికి చేరేసరికి కట్టుబట్టలతో మిగులుతుంది. అప్పుడు మీవాళ్లు ముల్లు చూసి, "చూశారా, పర్యావరణం కోసం ఆర్థిక వ్యవస్థను బలిపెట్టమంటున్నారు" అని నిట్టూరుస్తారు.

అమెరికాలో మీరు వేసిన వేషాలు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. గాల్లోకి ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్ వదిలితే లోకానికి ఎంత నష్టమో అక్కడి ప్రభుత్వం లెక్క కడుతుంది. 2010లో ఆ లెక్క ప్రకారం టన్నుకు 5 శాతం దగ్గర 5 డాలర్లు, 3 శాతం దగ్గర 21, 2.5 శాతం దగ్గర 35. ట్రంప్ మొదటి విడతలో మిమ్మల్ని 3, 7 శాతాలకు మార్చి, దేశం బయట జరిగే నష్టాన్ని లెక్కలోంచి తీసేశారు. టన్ను ఖరీదు 1 నుంచి 7 డాలర్ల మధ్యకి పడిపోయింది. 2023 చివర్లో అక్కడి పర్యావరణ సంస్థ కొత్త లెక్క కట్టింది. 2.5 శాతానికి 120 డాలర్లు, 2 శాతానికి 190, 1.5 శాతానికి 340. 2025 జనవరిలో ట్రంప్ మళ్లీ వచ్చి ఈ లెక్కలు చూసే బృందాన్నే రద్దు చేశారు. ఇన్నిసార్లు ధర మారినా, వదిలిన టన్ను మాత్రం ప్రభుత్వం మారిందని వెనక్కి రాలేదు. ఆ పొగలో కొంత భాగం వేల ఏళ్లు గాల్లోనే ఉంటుంది, దానికి ఎన్నికలు లేవు.

పెద్దవాళ్ల మధ్య కూడా చిచ్చుపెట్టారు మీరు. 2006లో బ్రిటన్‌లో నికొలస్ స్టెర్న్ అనే ఆర్థికవేత్త వాతావరణ మార్పు మీద ఒక నివేదిక ఇచ్చారు. ఉద్గారాలు తగ్గించడానికి ఏటా ప్రపంచ జీడీపీలో 1 శాతం దాకా ఖర్చవుతుంది, ఊరుకుంటే 5 నుంచి 20 శాతం దాకా పోతుంది అన్నారు. ఆయన దగ్గర మీ విలువ 1.4. అమెరికా ఆర్థికవేత్త విలియం నార్డ్‌హాస్ ఆ నివేదిక చదివి, ఈ తొందరంతా రేటును అంత కిందికి దించడం వల్ల వచ్చిందే అన్నారు. మనుషులు మార్కెట్లో ఎలా నడుచుకుంటారో చూసి రేటు పెట్టాలనేది ఆయన వాదన. సరే, 2018 అక్టోబర్ 8న ఆయనకు నోబెల్ ప్రకటించారు. అదే రోజు ఐక్యరాజ్యసమితి వాతావరణ సంఘమైన ఐపీసీసీ శాస్త్రవేత్తలు, భూమి వేడి పెరుగుదల 1.5 డిగ్రీల దగ్గర ఆగాలంటే 2030 కల్లా ఉద్గారాలు దాదాపు సగానికి తగ్గాలని నివేదిక విడుదల చేశారు. నార్డ్‌హాస్ అప్పటి లెక్కల మోడల్లో ఖర్చూ లాభమూ సరిగ్గా తూగే దారి మాత్రం 2100 నాటికి 3.5 డిగ్రీల దగ్గరికి వెళ్లింది. పాపం ఆయన కార్బన్ పన్ను వేయండి వేయండని దశాబ్దాలుగా చెప్తున్న మనిషే! ఆయన్ని అక్కడిదాకా తీసుకెళ్లింది మీరు, ఇంకా నష్టాన్ని తక్కువగా చూసే లెక్కలు. నిందంతా మీ ఒక్కరి మీదే వేయను.

స్టెర్న్ గారి రేటులోనూ ఒక తమాషా ఉంది. అందులో 0.1 శాతం ఎందుకంటే, ఏ ఏడాదికా ఏడాది మానవజాతే లేకుండా పోయే అవకాశానికట. వందేళ్లకు లెక్క వేస్తే అది పదింట ఒక వంతు దాకా వస్తుంది. మీ బంధువుల్లో బుద్ధిమంతుడనిపించుకున్న అంకె కూడా జేబులో ప్రళయం పెట్టుకుని తిరుగుతోంది.

మీ తరఫున చెప్పాల్సింది కూడా చెప్తాను, లేకపోతే ఇది తూకం కాదు. మిమ్మల్ని సున్నా చేస్తే ఇంకో తంటా. రాబోయే తరాలకు లెక్కే లేదు, మేం ఒక్క తరం. వాళ్లందరి కోసం మేం కడుపు కట్టుకుని కూర్చోవాల్సి వస్తుంది. పైగా ఇవాళ ఖర్చు పడేది ఎవరి మీద? 2018లో ఫ్రాన్స్‌లో ఇంధనం మీద పన్ను పెంచబోతే పసుపు జాకెట్లు వేసుకుని జనం రోడ్డెక్కారు. అందులో చాలామంది పట్నానికి దూరంగా ఉండి, కారు లేనిదే పనికి వెళ్లలేనివాళ్లు. ప్రభుత్వం ఆ పెంపు వెనక్కి తీసుకుంది. వాళ్లకు 2100 గురించి చెప్తే, ముందు ఈ నెలాఖరు గట్టెక్కనివ్వండి అంటారు. అది న్యాయమైన మాటే. కానీ రేటు గారూ, ఆ పన్ను ఎవరి జేబులోంచి తీసి ఎవరికి తిరిగివ్వాలన్నది మీ శాఖ కాదు కదా. వాళ్ల కష్టం చూపించి మీరు శాతం పెంచుకోవడం ఏం బాగుంది?

మీ అసలు వాదన నాకు తెలుసు. రాబోయేవాళ్లు మాకంటే ధనవంతులు, వాళ్ల కోసం పేదవాళ్లం మేమెందుకు త్యాగం చేయాలి? వినడానికి బాగుంది. అయితే వాళ్లు ధనవంతులవుతారన్న లెక్క, వేడి పెరిగినా పంటలూ పనులూ ఇలాగే సాగుతాయన్న నమ్మకం మీద నిలబడింది. నష్టం ఆ ఎదుగుదలనే కొరుక్కుతింటే? ఇంకొకటి, డబ్బుంటే వాళ్లు ఇంకో పది ఫోన్లు కొనుక్కోగలరు. కరిగిపోయిన హిమానీనదాన్ని ఏ షోరూంలో కొంటారు? ఫోన్లు చవకవుతూ, నీళ్లూ నీడా కరువవుతూ పోయే లోకంలో ఆ రెండింటికీ ఒకే శాతంతో తరుగు తీస్తారేమిటండీ?

నాకు అన్నిటికంటే మింగుడుపడనిది మీలోని ఇంకో ముక్క. ధనికుడూ పేదా అన్న పట్టింపు లేకుండా, కేవలం ఆలస్యంగా పుట్టినందుకు వేసే జరిమానా. నార్డ్‌హాస్ అప్పటి మోడల్లో అది ఏడాదికి 1.5 శాతం. దాని ప్రకారం ఇవాళ పుట్టిన బిడ్డ సుఖం నూరైతే, యాభై ఏళ్ల తర్వాత పుట్టే బిడ్డ సుఖం 47 దగ్గర ఆగుతుంది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని నవ్వుకునేవాళ్లం. మీరు ఆ సోమలింగాన్ని పుట్టకముందే సగం చేశారు. 1928లోనే ఫ్రాంక్ రామ్సే అనే బ్రిటిష్ కుర్ర గణితవేత్త, ఇలా తరుగు తీయడం నీతికి నిలబడదు, ఇది మన ఊహకు సత్తువ లేకపోవడం అన్న అర్థంలో రాశాడు. అదే వ్యాసంలో కాస్త ముందుకెళ్లి, తరుగు తీస్తే లెక్క ఎలా ఉంటుందో కూడా చేసి చూపించాడు. 26 ఏళ్లకే పోయాడు పాపం, ఈ గొడవేదీ చూడలేదు.

పోనీ మీకు ఒక స్థిరమైన చిరునామా ఉందా అంటే అదీ లేదు. 2001లో అచ్చయిన సర్వేలో అమెరికా ఆర్థికవేత్త మార్టిన్ వైట్జ్‌మన్ 2,160 మంది తోటి ఆర్థికవేత్తలను అడిగితే సగటు 4 శాతం దగ్గర తేలింది గానీ, ఒకరి మాటకీ ఇంకొకరి మాటకీ పొంతన లేదు. 2018లో అచ్చయిన ఇంకో సర్వేలో ఇంకొందరు 200 మందికి పైగా నిపుణులను అడిగితే నడిమధ్య జవాబు 2. బ్రిటన్ ఆర్థిక శాఖ దగ్గర మీరు మొదటి 30 ఏళ్లు 3.5, తర్వాత మెట్టుమెట్టుగా దిగి 300 ఏళ్లు దాటాక 1. వయసు మీద పడేకొద్దీ మెత్తబడతారన్నమాట.

నేను కోరేది పెద్దదేం కాదు. మిమ్మల్ని రద్దు చేయమనడం లేదు. ఆ పసుపు గడి పక్కన ఇంకో గడి తెరిచి, ఈ అంకె ఎవరు వేశారు, ఎందుకు వేశారు, ఇంకో అంకె వేస్తే మొత్తం ఏ రంగులోకి మారుతుంది, ఈ మూడూ మా కళ్లకు కనిపించేలా రాయించండి. మీరు లెక్కల మాస్టారిలా మాట్లాడటం మానేస్తే మాట్లాడుకోవడం సులువవుతుంది.

నా షీట్‌లో ప్రస్తుతం మీరు 2 దగ్గర ఉన్నారు. నిపుణులు చెప్పారు కాబట్టి 2 అని అందరితో చెప్తున్నాను. నిజానికి 3 వేసి చూశాను, 2.5 వేసి చూశాను, 2 దగ్గర అడుగున వచ్చిన జవాబు నాకు నచ్చింది. అక్కడ ఆపాను.

ఇట్లు,
ప్రస్తుతానికి నూటికి నూరు విలువ ఉన్న
ఒక మనిషి