సవరణ: ఆదివారం 200 కి.మీ. బ్రెవే గడువు, కారు సంగతి

హైదరాబాద్ బ్రెవే (గడువులోగా పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ ప్రయాణం) గురించి నిన్న పెట్టిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి.

గడువు 13 గంటల 20 నిమిషాలని రాశాను. 200ని 15తో భాగించి వచ్చింది వేసేశా, నాదే తొందరపాటు. నిబంధన ప్రకారం 13 గంటల 30 నిమిషాలు. ఉదయం 6కి బయల్దేరినవాళ్లు రాత్రి 7:30 లోపు చేరాలి. పది నిమిషాలు కలిసొచ్చాయని సంబరపడకండి. మధ్య కంట్రోళ్లకు (దారిలో ఆగి హాజరు వేయించుకోవాల్సిన చోట్లకు) గంటకు 15 కి.మీ. లెక్కే, జడ్చర్ల దాటాక వందో కిలోమీటరు కంట్రోలు మధ్యాహ్నం 12:40కి మూసేస్తాం. పంక్చరైనా, ఇడ్లీకి ఆగినా, చెట్టుకింద కునుకు తీసినా ఆ టైమంతా ఇందులోదే.

రెండోది ఇంకా పెద్ద పొరపాటు. ఇంట్లోవాళ్ల కారు వెనకాలే రావచ్చన్నాను. రాకూడదు. వాళ్లు సాయం చేయాలంటే కంట్రోలు దగ్గరే. దారిలో చైను తెగితే మీ సంచీలో ఉన్న లింకుతో మీరే అతికించుకోవాలి. నా మాట నమ్మి కారు మాట్లాడుకున్న ఇద్దరికీ ఫోన్ చేసి సారీ చెప్పాను. ఒకాయనైతే "ఆ ముక్క మా ఆవిడకి మీరే చెప్పండి సార్" అన్నారు.

లైట్లు, మెరిసే జాకెట్టు గురించి రాసింది మాత్రం అలాగే ఉంటుంది.