తాళాలు వాడి జేబులో, నీళ్ళు వాడి బ్యాగులో

మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడొకడు నెల రోజులుగా నా వెంట పడుతున్నాడు. "అన్నా, ఈసారి ట్రెక్కింగ్‌కి నన్నూ తీసుకెళ్ళు. రోజూ పొద్దున్నే పది కిలోమీటర్లు పరిగెత్తుతా. అసలు అలసట అంటే ఏంటో నాకు తెలీదు." ఆ చివరి మాట అనకుండా ఉంటే అప్పుడే సరే అనేవాణ్ణి. అలసట తెలియనివాళ్ళంటే నాకు భయం. ఎందుకో చెప్తాను. కాస్త పెద్ద పోస్టే, ఓపిక ఉంటే చదవండి.

కొన్నేళ్ళ కిందట నలుగురం అహోబిలం వెళ్ళాం. ఎగువ అహోబిలంలో దర్శనం చేసుకుని, తలా ఒక కర్ర కొనుక్కుని, భవనాశి వాగు పక్కన రాళ్ళ మీదుగా జ్వాలా నరసింహస్వామి గుడి వైపు బయల్దేరాం. అక్కడి నుంచి ఉగ్రస్తంభం అనే రాతి శిఖరం ఎక్కాలని ప్లాన్. వెళ్ళినవాళ్ళకి తెలుసు, జ్వాలా నరసింహుడి దాకా ఒక ఎత్తు, ఉగ్రస్తంభం ఒక్కటీ ఒక ఎత్తు. బాట అంటూ సరిగా ఉండదు. కొన్నిచోట్ల కర్ర పక్కన పెట్టి బండల మీద చేతులు వేసి పాకాల్సిందే.

మాలో ఒకడికి జిమ్ పిచ్చి. మొదటి అరగంటలోనే కనపడకుండా పోయాడు. మేం రొప్పుకుంటూ ఒక మలుపు తిరిగేసరికి అయ్యగారు ఏ బండ మీదో కూర్చుని ఉంటాడు, చెమట కూడా ఆరిపోయి. మమ్మల్ని చూడగానే, "వచ్చారా, పదండి పదండి" అని లేస్తాడు. ఒక్కసారి లెక్క వేయండి. వాడికి పావుగంట విశ్రాంతి. చివర వచ్చినవాడికి సున్నా. అంటే గుంపులో అందరికంటే దమ్మున్నవాడు అందరికంటే ఎక్కువసేపు కూర్చుంటున్నాడు, అందరికంటే ఆయాసపడేవాడికి కూర్చునే యోగమే లేదు. ఇది ప్రతి గుంపులోనూ జరుగుతుంది. పైగా ముందున్నవాడు "మీకోసం ఆగాను కదరా" అని ఒక ఉపకారం కూడా మన ఖాతాలో రాస్తాడు.

నాలుగోసారో ఐదోసారో ఇలా అయ్యాక, మాలో ఒకడికి పిక్క పట్టేసింది. అడుగు వేయలేకపోయాడు. ముగ్గురం కూర్చుని, ఇక దిగిపోదాం అనుకున్నాం. ఆ మాట ముందున్నవాడికి చెప్పేదెలా? సిగ్నల్ లేదు. కేకలు వేశాం, కోతులు పలికాయి. నీళ్ళ కోసం చూస్తే బాటిళ్ళన్నీ వాడి బ్యాగులోనే ఉన్నాయి. పొద్దున "బరువు నేను మోస్తాలేరా" అని వాడే తీసుకున్నాడు, పాపం మంచితనంతోనే. కుంటుకుంటూ దిగాం. దారిలో ఎవరో కుటుంబం వాళ్ళు మజ్జిగ పోశారు, వాళ్ళు ఎక్కడున్నా చల్లగా ఉండాలి. కిందికొచ్చాక గుర్తొచ్చింది, కారు తాళాలు కూడా వాడి జేబులోనే. రెండున్నర గంటలు కారు నీడలో కూర్చున్నాం. నీడ జరిగినప్పుడల్లా మేమూ జరిగాం. వాడొచ్చి ఫోన్ తీసి పైనుంచి తీసిన ఫొటోలు చూపిస్తూ, "ఏంట్రా, మధ్యలోనే దిగిపోయారు?" అన్నాడు.

వాడు చెడ్డవాడు కాదు. ఇప్పటికీ స్నేహితుడే, పెళ్ళిళ్ళకి పిలుచుకుంటాం. కొండకి మాత్రం పిలవను. ఆ రోజు వాడి దృష్టిలో మేం నలుగురం కాదు, వాడొకడు, వాడి వెనక ముగ్గురు.

అది నల్లమల అని కూడా గుర్తుంచుకోవాలి. పెద్దపులి తిరిగే అడవి. అంతదాకా ఎందుకు, రోజూ వేలమంది నడిచే అలిపిరి మెట్ల దారిలోనే 2023 ఆగస్టులో చిరుత ఒక చిన్నారిని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత భక్తుల్ని గుంపులుగా పంపారు, చేతికి కర్రలిచ్చారు. అడవిలో పక్కనే ఉండడం మర్యాద కోసం కాదు.

ఇంతసేపూ వాణ్ణి తిట్టాను కాబట్టి నా సంగతి కూడా చెప్పాలి. నాది ఇంకా పెద్ద తప్పు.

ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ అని ఉంది, దాదాపు 12,500 అడుగులు. సాంక్రీ అనే ఊరి నుంచి ఎక్కుతారు. చలికాలంలో మంచు చూడ్డానికి మనవాళ్ళు బాగానే వెళ్తున్నారు. నేనూ మా బావమరిదీ డిసెంబర్‌లో వెళ్ళాం. పై క్యాంపుకి చేరేసరికి నాకు తలనొప్పి మొదలైంది. అంతంత ఎత్తుల్లో తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం కనిపిస్తే జాగ్రత్తపడాలని గైడు మొదటిరోజే చెప్పాడు. గాలిలో ఆక్సిజన్ తక్కువై ఒంటికి పడకపోవడం అది. అలాగే పైకెక్కితే ఊపిరితిత్తుల్లోకో మెదడులోకో నీరు చేరి ప్రాణం మీదికి రావచ్చు. ముదిరితే అసలు మందు కిందికి దిగడమే. ఇవన్నీ విని, బుద్ధిగా తలూపి, సాయంత్రం గైడు అందర్నీ అడుగుతుంటే "నేను ఓకే" అన్నాను. హైదరాబాద్ నుంచి సెలవు పెట్టుకుని, అన్ని వేలు పోసి, రైళ్ళూ బస్సులూ మారి వచ్చి, తలనొప్పికి దిగిపోతానా అని.

రాత్రి భోజనం దగ్గర నా ప్లేటు చూశాడు మా బావమరిది. "బావా, నువ్వు అన్నం వదిలేశావు." ఆకలి లేదన్నాను. "మా అక్క పెళ్ళిలో జ్వరంతో కూడా రెండుసార్లు వడ్డించుకున్నావు. ఏంటో నిజం చెప్పు." నేను నసుగుతుంటే ఆగలేదు, లేచి వెళ్ళి గైడుని పిలుచుకొచ్చాడు. నాకు ఎంత కోపం వచ్చిందంటే, వాడితో మాట్లాడకుండా పడుకున్నాను. తెల్లవారుజామున అందరూ హెడ్ టార్చీలు పెట్టుకుని శిఖరానికి వెళ్తుంటే గైడు నన్ను కిందికి పంపేశాడు. మా వాడికి ఏమీ లేదు, శుభ్రంగా ఎక్కగలడు. అయినా నాతో పాటు దిగాడు. వెయ్యి అడుగులు దిగేసరికి నాకు తలనొప్పి తగ్గి ఆకలేసింది. ఇద్దరం మ్యాగీ తిన్నాం.

నాలుగేళ్ళయింది. మా ఇంట్లో బావాబావమరుదుల ఎకసెక్కాలు ఎలా ఉంటాయో మీకు తెలియనిది కాదు. నా బట్టతల, నా డ్రైవింగ్, నేను కొన్న సెకండ్ హ్యాండ్ ఫ్రిజ్, దేన్నీ వదల్లేదు వాడు. కానీ "నీ వల్ల నేను ఎక్కలేకపోయాను" అన్న మాట ఇంతవరకూ ఎవరి ముందూ, నవ్వులాటకి కూడా అనలేదు. బావమరిది బతుకు కోరతాడని ఊరికే అనలేదు పెద్దలు.

అందుకే తోడు కోసం చూసేటప్పుడు వేగం నాకు చివరి విషయం. "కాలు నొప్పిగా ఉంది, కాసేపు ఆగుదాం" అని మొదటి గంటలోనే నోరు తెరిచి చెప్పేవాడు కావాలి. చెప్పకుండా ఓర్చుకునేవాడు వీరుడేం కాదు, మిట్టమధ్యాహ్నం మధ్యదారిలో కూలబడి అందర్నీ ఇబ్బంది పెడతాడు. నేనే ఉదాహరణ. నేను చెప్పకపోయినా నా ప్లేటు చూసి పట్టుకునేవాడు దొరికితే మరీ అదృష్టం.

ఇంత తలనొప్పి ఎందుకు, ఒంటరిగా వెళ్ళొచ్చు కదా అంటారు కొందరు. మన నెల్లూరు జిల్లా పర్వతారోహకుడు మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల ఏడు శిఖరాల్నీ 172 రోజుల్లో ఎక్కారు. అంతటి మనిషే 2015లో దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల్లో ఒంటరిగా ఎక్కుతూ తిరిగి రాలేదు. తోడుంటే బతికేవారని నేను అనను, ఆ కొండల సంగతి నాకేం తెలుసు. నాలాంటి శని ఆదివారాల ట్రెక్కర్లు మాత్రం ఆ ఊసు ఎత్తకపోతే మంచిది.

ఎవరెస్ట్ జంటనే చూడండి. 1953లో శిఖరం ఎక్కడానికి కొన్ని వారాల ముందే హిల్లరీ మంచు పగులులో పడిపోతుంటే టెన్సింగ్ తాడు బిగించి ఆపాడు. శిఖరం మీద ముందు కాలు పెట్టిందెవరని లోకమంతా పీక్కుతింటే ఇద్దరూ "కలిసే ఎక్కాం" అన్నారు. హిల్లరీయే ముందని తర్వాత ఆత్మకథలో టెన్సింగే చెప్పాడు. మా జిమ్ వాడైతే దిగకముందే స్టేటస్ పెట్టేసేవాడు.

చిన్న చిన్నవి ఇంకా ఉన్నాయి. అడవిలో బ్లూటూత్ స్పీకర్ పెట్టేవాళ్ళు, చిప్స్ కవర్లు రాళ్ళ సందుల్లో దూర్చేవాళ్ళు, తన పులిహోర దాచుకుని మన చపాతీలు తినేవాళ్ళు. వాళ్ళ గురించి రాస్తే బీపీ పెరుగుతుంది, వదిలేస్తున్నా.

ఇక మా ఆఫీసు కుర్రాడి సంగతి. నిన్న లంచ్‌లో చెప్పాను, వచ్చే నెల మా అమ్మతో అలిపిరి నుంచి తిరుమల ఎక్కుతున్నాం, ముందు అక్కడికి రమ్మని. వాడు వెంటనే ఫోన్‌లో చూసి, "3550 మెట్లేనా అన్నా? రెండు గంటల్లో పైనుంటాం" అన్నాడు.

"అమ్మకి మెట్ల పూజ మొక్కు ఉంది. ప్రతి మెట్టుకీ వంగి పసుపు రాసి కుంకుమ పెడుతుంది. పసుపు డబ్బా నువ్వు పట్టుకోవాలి" అన్నాను.

ఇంకా జవాబు చెప్పలేదు.