సవరణ: జెస్ లెస్లీతో గొడవపడలేదు

కాథరిన్ పాటర్సన్ నవల ‘బ్రిడ్జ్ టు టెరబిథియా’ గురించి పోయిన వారం రాసిన పరిచయంలో పెద్ద తప్పు చేశాను. కథానాయకుడైన పిల్లవాడు జెస్ గొడవపడి వెళ్లిపోయిన రోజే స్నేహితురాలు లెస్లీ చనిపోయిందని రాశాను. అసలు గొడవే లేదు. సంగీతం టీచరు అతన్ని వాషింగ్టన్ తీసుకెళ్తుంది. లెస్లీని కూడా పిలవవచ్చు కదా అని దారిలో తోస్తుంది, అయినా తానొక్కడే వెళ్తున్నందుకు లోలోపల మురిసిపోతాడు. ఇక్కడ తాడు పట్టుకుని వాగు దాటబోయిన లెస్లీ, తాడు తెగి మరణిస్తుంది.

గొడవైతే క్షమాపణ అడగాలన్న ఊహైనా మిగులుతుంది. ఆ పిల్లవాడికి అదీ లేదు. నవల బరువంతా అక్కడే ఉంది, నేను దాన్నే పోగొట్టాను.

తప్పు పట్టుకున్నది మా కోనసీమ ఊళ్లో తొమ్మిదో తరగతి అమ్మాయి. లాకుల దగ్గర సైకిల్ ఆపి, “అతను పిలవలేదు మాస్టారూ, అంతే” అంది. తరువాత చాలాసేపు కాలువ నీళ్లవైపే చూస్తూ నిలబడింది.

ఇంకొకటి: నవల వచ్చింది 1977లో, పిల్లల పుస్తకాలకు అమెరికాలో ఇచ్చే న్యూబెరీ పతకం 1978లో. రచయిత్రి తన బాల్యాన్నే రాసుకున్నారని నేను అన్నదీ పొరపాటే. ఆమె కొడుకు స్నేహితురాలు 1974లో పిడుగుపాటుకు చనిపోయింది. కథ ఆ దుఃఖంలోంచి పుట్టింది.