సర్కారు తుమ్మకి లోకల్ సర్టిఫికెట్ ఇచ్చేయండి సార్

ఈమధ్య మా మేనకోడలికి లోకల్ సర్టిఫికెట్ కావాల్సొచ్చి ఒక ఆఫీసు చుట్టూ నాలుగు రోజులు తిరిగినా. ఆ పిల్ల పుట్టింది కడప జిల్లాలో, వాళ్ళ నాయన, వాళ్ళ జేజినాయన, అంతకుముందు ఎన్ని తరాలు లెక్కేసినా అందరూ ఇక్కడి మట్టే, కానీ మధ్యలో బెంగుళూరులో చదివింది కదా, వరుసగా 4 ఏళ్ళు ఇక్కడ చదివిన లెక్క తేలడం లేదు కాబట్టి నాన్ లోకల్ అన్నారు. సరే రూల్ రూలే. నేను నోరు మూసుకుని బెంచీ మీద కూర్చుంటే ఎదురుగా కిటికీలోంచి ఒక కంపచెట్టు, అదే సర్కారు తుమ్మ, కొమ్మ లోపలికి వచ్చి బీరువా మీద చెయ్యేసుకుని నిలబడుంది. దాన్ని ఎవరూ ఏ కాగితమూ అడగలా.

అక్కడే నాకు జ్ఞానోదయం అయింది. ఇంటికొచ్చి రెండు టీలు తాగి, బాగా ఆలోచించి ఈ డిమాండు ముందుకు తెస్తున్నా: సర్కారు తుమ్మకి వెంటనే లోకల్ స్టేటస్ ఇవ్వాల. నవ్వద్దండి, సీరియస్‌గానే చెప్తున్నా.

దాని కేసు మా పిల్ల కేసు కన్నా చాలా గట్టిది. పుట్టిల్లు ఎక్కడో మెక్సికో, కరీబియన్ దీవుల వైపు, అది ఒప్పుకుంటా. కానీ 1876లో మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి బెడ్డోమ్ దొర, ఎండు నేలల్లో వేయడానికి ఈ విత్తనాలు కావాలని రెవెన్యూ వాళ్ళకి రాసినాడు, 1877లో మన కమలాపురంలో నాటినారు. అంటే దేశంలో మొట్టమొదట దిగినచోట్లలో మనదొకటి. అది ధాత కరువు కాలం, జనం గంజి లేక చస్తా ఉన్నారు, అప్పుడు సర్కారు మనకి ఇచ్చింది ముళ్ళు. (విత్తనం మాత్రం టైముకి వచ్చింది, అది మెచ్చుకోవాల.) 150 ఏళ్ళు కావస్తా ఉంది, ఒక్కరోజు కూడా జిల్లా దాటి బెంగుళూరు పోలా, పోయినా ఇక్కడ వేరు వదల్లా. పేరులోనే సర్కారు ఉంది, ఇంక గెజిటెడ్ సంతకం ఎందుకు?

క్లైమేట్ చేంజ్ అని ఇప్పుడు అందరూ మాట్లాడుతున్నారు కదా, ఎండలకి తట్టుకోవాల, వాన లేకపోయినా బతకాల, ఒక్కసారే కుండపోతగా పడినా నిలబడాల అని సదస్సులు పెట్టి చెప్తున్నారు. ఈ మూడూ ఎవరు చేస్తున్నారు? వేరుశనగ చేయలా. మనిషి అసలే చేయలా. వానలు లేని ఏడు చేను పడావు పడితే మొదట గట్టు మీద కొస్తది, రెండో ఏడు గట్టు దిగుతది, మూడో ఏడు చేను దానిది. అంత ఫాస్టుగా మ్యుటేషన్ మన రికార్డుల్లో ఎప్పుడైనా జరిగిందా? ఆకు మేక కూడా ముట్టదు, కాయ మాత్రం తియ్యగా పెట్టింది, గొడ్లూ మేకలూ కాయలు తిని పక్కూరి దాకా పోయి పేడతో సహా విత్తనం వేసి వస్తాయి, ఎరువు ఫ్రీ, ట్రాన్స్‌పోర్ట్ ఫ్రీ. కొడితే మొదలు దగ్గర నాలుగు పిలకలు లేస్తాయి.

ఇంకో మాట కూడా న్యాయంగా చెప్పుకోవాల, పేదోళ్ళ పొయ్యి కిందికి కట్టె అదే, బొగ్గుబట్టీలు దానితోనే నడిచినాయి. కాబట్టి నేను దాన్ని తిట్టడం లేదు. తిట్టాల్సింది వేరే ఉంది.

చెరువుకి నీళ్ళొచ్చే వంక చూడండి. మా ఊర్లో ఒకప్పుడు నీరుగంటి ఉండేవాడు, తూము ఎత్తేదీ దించేదీ ఆయనే, ఏ చేనుకి ఎన్ని తడులో ఆయన లెక్కే లెక్క, ఎండాకాలం వస్తే కుడిమరామత్తు అని ఇంటికొక మనిషి పారా తట్ట తీసుకుని వంకలో పూడిక తీసేవాళ్ళు. దీనికి ఎవరూ పర్యావరణ పరిరక్షణ అని పేరు పెట్టలా కాబట్టి ఎవరికీ శాలువా కప్పలా. తర్వాత చెరువు సర్కారుది అయింది, వంక సర్కారుది అయింది, కొన్నాళ్ళకి సర్కారు తుమ్మే వచ్చి స్వాధీనం చేసుకుంది, ఒక రకంగా సొంత ఆస్తే కదా. ఇప్పుడు జంగిల్ క్లియరెన్స్ అని పని పెడతారు, జనం పోయి కంప కొడతారు, చేతులకి ముళ్ళు దిగుతాయి, మొదలు మాత్రం భూమిలోనే ఉంటది ఎందుకంటే ఎస్టిమేట్‌లో వేరు లేదు. రెండు వానలకి మళ్ళీ అదే కంప, మళ్ళీ అదే పని. వచ్చే ఏడుకి పని కావాలంటే ఈ ఏడు వేరు తీయకూడదు. ఇంత సస్టైనబుల్ మోడల్ ఐక్యరాజ్యసమితి దగ్గర కూడా ఉండదు.

మా జేజికి ఈ సస్టైనబుల్ సంగతి తెలియదు పాపం. ఆమె వాన వెలిసిన మర్నాడు పొద్దున్నే చేను గట్టు మీదికి పోయి, నేల మెత్తగా ఉన్నప్పుడే జానెడు మొలకల్ని వేరుతో సహా పీకి ఎండలో తిరగేసి పెట్టేది. "ఇప్పుడు రెండు వేళ్ళు చాలు అబ్బీ, వచ్చే ఏడు గొడ్డలి కావాల, ఆపై ఏడు చేను వదిలేసుకోవాల" అనేది. ప్రాజెక్టు రిపోర్టు అంతే. కానీ ఇట్లా రెండు వేళ్ళతో పనైపోతే ప్రొక్లెయిన్ ఎవరు తిప్పాల, దానికి డీజిల్ బిల్లు ఎవరు పెట్టాల? జేజి మోడల్‌లో ఆ లోపం ఉంది.

ఇప్పుడు అసలు లోకల్ సంగతికొద్దాం. ఈ జిల్లాలో నిఖార్సైన లోకల్ ఒకటుంది, కలివికోడి అనే పిట్ట. ఈ కాలంలో ప్రపంచంలో ఇంకెక్కడా కనపడినట్టు రుజువు లేదు, మన పెన్నా చుట్టుపక్కల చిట్టడవులే దాని ఇల్లు. 1848లో జెర్డాన్ దొర రాసుకున్నాడు, 1900 తర్వాత దొరలకి కనపడలా కాబట్టి అంతరించింది అన్నారు. 86 ఏళ్ళు అది కాగితాల్లో చచ్చిపోయి పొదల్లో బతికింది. 1986 జనవరిలో సిద్ధవటం వైపు రెడ్డిపల్లి దగ్గర ఒక స్థానిక వేటగాడు రాత్రి పూట లైటు వెలుగులో పట్టి చూపిస్తే, పక్షుల శాస్త్రవేత్త సలీం అలీ అంతటాయన పరిగెత్తుకుని వచ్చినాడు. పట్టిన పిట్ట పాపం ఎక్కువ రోజులు బతకలా, కానీ దాని పేరు మీద 1988లో లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది, తర్వాత తెలుగుగంగ కాలవ కూడా దారి మార్చుకోవాల్సొచ్చింది. కాలవనే పక్కకి జరిపిన పిట్ట ఇంకెక్కడన్నా ఉందా అంట.

దాన్ని వెతకడానికి పరిశోధకులు పొదల మధ్య ఇసక పట్టీలు పరిచి పొద్దున్నే కాలి గుర్తులు చూసుకునేవాళ్ళు. తేలిందేమంటే దానికి మరీ దట్టమైన అడవి పనికిరాదు, మరీ బోడి నేల పనికిరాదు, పొద పొదకీ మధ్య నడవడానికి సందుండాల. మేకలు మితంగా మేసి, జనం అక్కడక్కడా కట్టెలు కొట్టుకున్న చోట ఆ సందు ఉంటది. అంటే ఇన్నాళ్ళూ మేకలోళ్ళు తెలియకుండానే దాని వాకిలి ఊడుస్తా వచ్చినారన్నమాట. అట్లాంటి మేకలోడు అడవి దగ్గర కనపడితే "ఎవరు నువ్వు, నీకేం పని ఇక్కడ" అని అడుగుతారు. పక్కన గోడ కట్టినట్టు పెరిగిన సర్కారు కంపని ఎవరూ అడగరు, అది డిపార్ట్‌మెంట్ మనిషి కదా.

కాబట్టి నేనే చొరవ తీసుకుని సర్కారు తుమ్మ తరఫున అప్లికేషన్ నింపినా. పుట్టిన తేదీ 1877, చిరునామా చెరువు వంక, వృత్తి ఆక్రమణ, ఆదాయం బిల్లుల్లో చూసుకోగలరు. కౌంటర్‌లో చూసి, అంతా బాగుంది కానీ ఇద్దరు స్థానికుల సాక్షి సంతకాలు కావాలన్నారు. ఒకటి మేకది వేయించినా, అది కాయ తింటా తింటా వేసేసింది. రెండోది కలివికోడిది అనుకున్నా, దానికన్నా లోకల్ ఎవరున్నారు? కానీ అది రాత్రి పూట తప్ప బయటికి రాదు, ఆఫీసు చూస్తే సాయంత్రం 5కి మూసేస్తారు. ప్రస్తుతానికి ఫైలు పెండింగ్‌లో ఉంది. మా మేనకోడలిది కూడా దాని కిందే ఉందంట.