కోచింగ్‌కు పెట్టిన ముద్దుపేరు మెరిట్

అమెరికాలోని వర్జీనియాలో ఉంటున్న మనవాళ్లకు 'టీజే' అంటే ఏమిటో విడమరచి చెప్పక్కర్లేదు. ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలోని థామస్ జెఫర్సన్ సైన్స్, టెక్నాలజీ హైస్కూల్. సర్కారు బడే. కానీ 2020 దాకా అందులో సీటు కావాలంటే ఎంట్రన్స్ గట్టెక్కాలి. దరఖాస్తు ఫీజు వంద డాలర్లు, కోచింగ్ ఖర్చు వేరే. ఆ ఏడాది సీట్లు వచ్చిన 486 మందిలో నల్లజాతి పిల్లలు పదిమంది కూడా లేరు. పేదింటి పిల్లలు నూటికి ఒక్కరైనా లేరు.

పూర్వ విద్యార్థులు, నల్లజాతి సంఘాలు స్కూల్ బోర్డును నిలదీశాక ఎంట్రన్స్, ఫీజు రెండూ పోయాయి. ప్రతి ప్రభుత్వ మిడిల్ స్కూల్‌కూ అక్కడి ఎనిమిదో తరగతి పిల్లల్లో 1.5 శాతం మేర సీట్లు కేటాయించారు. ఇది ఆసియా పిల్లలపై వివక్షేనంటూ కొందరు తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు విచారణకు నిరాకరించడంతో కొత్త పద్ధతే నిలిచింది.

ఆసియా పిల్లల వాటా 73 శాతం నుంచి 54కు పడిపోయింది, కష్టపడి చదివితే ఇదా బహుమానం అని మన భారతీయులతో సహా ఆసియా తల్లిదండ్రుల ఆవేదన. రెండు ఉద్యోగాలు చేసి పిల్లల్ని చదివించుకున్నవాళ్ల బాధను నేను తేలిగ్గా తీసేయను. కానీ అదే లెక్కలో ఇంకో అంకె ఉంది. పాత పద్ధతి చివరి ఏడాది టీజేలో సీటు దొరికిన పేద ఆసియా విద్యార్థి ఒకే ఒక్కరు. కొత్త పద్ధతి మొదటి ఏడాదే 51 మంది! వాళ్లు మాత్రం ఆసియా పిల్లలు కారా?

ఇదే వర్జీనియాలో, ఫార్మ్‌విల్ అనే చిన్న ఊళ్లో, 1951 ఏప్రిల్ 23న పదహారేళ్ల బార్బరా జాన్స్ బడి మొత్తాన్ని సమ్మెకు దించింది. 180 మందికి కట్టిన నల్లజాతి బడిలో 450 మందికి పైగా చదివేవారు. చోటు చాలక తారు కాగితం కప్పిన షెడ్లలో కూర్చోబెట్టేవారు, వానొస్తే కారేవి. ఆమె అడిగింది మంచి భవనం. వచ్చిన లాయర్లు, నల్లపిల్లలకూ తెల్లపిల్లలకూ వేరు బడులన్న పద్ధతినే మీరు సవాలు చేస్తామంటే కేసు వేస్తామన్నారు. పిల్లలూ, తల్లిదండ్రులూ సరేనన్నారు. బడుల్లో ఆ వేర్పాటు చెల్లదని సుప్రీంకోర్టు ఇచ్చిన 1954 నాటి బ్రౌన్ తీర్పులో కలిసిన అయిదు కేసుల్లో అదొకటి. దానికి కౌంటీ పెద్దలు ఏం చేశారో తెలుసా? 1959లో ప్రభుత్వ బడులన్నిటికీ తాళం వేశారు. తెల్లపిల్లలకు ప్రైవేటు బడి పెట్టుకున్నారు. 1964లో సుప్రీంకోర్టు మెడలు వంచేదాకా అయిదేళ్లపాటు నల్లపిల్లలకు అక్కడ ప్రభుత్వ బడే లేదు. (మనకు అమెరికా తలుపులు తెరిచిన 1965 వలస చట్టం కూడా ఈ పోరాటాల కాలపు ఫలమేనని మనవాళ్ల పార్టీల్లో ఎవరూ గుర్తు చేయరు.)

మనకు మాత్రం ఇదంతా కొత్తా? 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో ట్రిపుల్ ఐటీలు పెట్టినప్పుడు ఎంట్రన్స్ వద్దన్నారు. పదో తరగతి మార్కులే కొలత. తర్వాత గ్రేడ్లు వచ్చాక సర్కారు బడి పిల్లల గ్రేడుకు అదనంగా 0.4 పాయింటు కలిపారు. కార్పొరేట్ స్కూల్లో పొద్దున్నుంచి రాత్రిదాకా రుద్దించుకున్న పిల్లవాడి మార్కునూ, టీచరు పోస్టు ఖాళీగా ఉన్న జడ్పీ హైస్కూల్ పిల్ల మార్కునూ ఒకే తక్కెడలో వేయకూడదన్న ఇంగితం అది. అప్పుడూ మెరిట్ మంటగలిసిందన్నారు. పొలం పనులకెళ్లే ఇళ్ల నుంచి వచ్చిన ఆ పిల్లలు ఇంజినీర్లయ్యారు. వాళ్లలో అమెరికా చేరినవాళ్లూ ఉన్నారు. రేపు వాళ్ల పిల్లలకూ ఎనిమిదో తరగతి వస్తుంది, అప్పుడు వాళ్లు ఏ కోచింగ్ సెంటర్ గుమ్మం ఎక్కుతారో చూడాలని నాకు మహా కుతూహలంగా ఉంది.